సుంగై సిపుట్ ఏడో నంబరు

గురువారం పొద్దున కూడా జయకుమార్ భార్య మొహం చూడకుండానే పామాయిల్ మిల్లుకు బయలుదేరాడు. ఇది మూడో రోజు.

సోమవారం భోజనాల దగ్గర మోహనప్రియ అడిగింది ఒక్కటే ప్రశ్న. సుంగై సిపుట్‌లో నీకెవరున్నారు అని. అంతే, అతను తింటున్న కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. అత్త శాంతాదేవి పొయ్యి వైపు తిరిగిపోయింది. మామ, పేరు అప్పడు, ఏమీ విననట్టు చేపముక్కలో ముల్లు ఏరుకుంటూ కూర్చున్నాడు. తప్పు లేని మగాడు కంచం వదిలి లేస్తాడా అని మోహనప్రియ అప్పటినుంచీ లోపల్లోపల ఉడికిపోతూనే ఉంది.

ఇవాళ అతను వాకిట్లో హెల్మెట్ పెట్టుకుంటుంటే ఇక ఆగలేకపోయింది.

"మంగళవారం ఫోను లేదు. నిన్నా లేదు. నేనడిగినాక ఆపేసినావు కదా?"

"ఏ ఫోను?"

"అది నువ్వే సెప్పాలి."

జయకుమార్ లోపలికి తొంగి చూశాడు. తండ్రి ఇంకా స్నానాల గదిలోనే ఉన్నాడని తెలిశాక గొంతు తగ్గించాడు. "పియా, ఆ ఊరి పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దు. మా నాన్న ముందర అసలే వద్దు."

"ఎందుకెత్తకూడదు?"

"సుడా లా, సాలు," అని మలయ్ కలిపి తెగేసి అతను బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

చూశారా, మాట దాటేశాడు. ఏమీ లేకపోతే ఏమీ లేదని చెప్పవచ్చు కదా. పెళ్ళయిన ఆరేళ్ళలో ఈ మనిషి తన దగ్గర ఏదైనా దాచాడని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఇప్పుడు అతను చెప్పుల్లో కాళ్ళు పెట్టే తీరు కూడా అనుమానంగానే కనిపిస్తోంది.

అసలు ఈ గొడవంతా మేడమీది గదిలో, ఆమె పనిలోనే మొదలైంది. గెమా అనే సాఫ్ట్‌వేర్‌ను చూసుకునే నలుగురిలో మోహనప్రియ ఒకతె. గెమా అంటే మలయ్‌లో ప్రతిధ్వని. ఎవరైనా ఉచితంగా తీసుకుని, లోపలి రాతంతా చదువుకుని, కావలసినట్టు మార్చుకుని తమ ఊళ్ళో ఫోన్ల సర్వరుగా నడుపుకోవచ్చు. మలేషియా తెలుగు సంఘంవాళ్ళు పన్నెండు ఊళ్ళలో దాన్నే పెట్టుకున్నారు. రబ్బరు ఎస్టేట్లు వదిలి తలో ఊరూ చేరిన ముసలివాళ్ళంతా శనివారం శనివారం ఒకే లైనులో కూర్చుని భజన పాడుకుంటారు. తమ ఊరు తెలుక్ ఇంటాన్ సర్వరు పెట్టె ఈ ఇంట్లోనే, మెట్ల కింద ఉంది.

ఆ పెట్టె ఈ మూడు నెలల్లో పదిసార్లు పడిపోయింది. కారణం మెమరీ లీక్. పక్కింటివాళ్ళ గిన్నె తెచ్చుకుని తిరిగివ్వడం మరిచిపోతే ఎలాగో ఇదీ అంతే. ప్రతి కాల్‌కూ సాఫ్ట్‌వేర్ మెషిన్ దగ్గర కొంత మెమరీ అడిగి తీసుకుంటుంది. కాల్ అయిపోగానే తిరిగి ఇచ్చెయ్యాలి. ఇక్కడ ఇవ్వడం లేదు. అలా పేరుకుని పేరుకుని వారానికోసారి మెషిన్ ఊపిరాడక పడిపోతోంది. మొన్న శనివారం సరిగ్గా హారతి పాట మధ్యలో పడింది. ముసలివాళ్ళు ఎంత నొచ్చుకున్నారో చెప్పనక్కర్లేదు.

క్లాంగ్‌లో ఉండే గిడియన్, ఆమెతో కలిసి గెమాను చూసుకునేవాడు, నేరుగా ఆమెనే వేలెత్తి చూపాడు. మూడు నెలల కింద మోహనప్రియ గెమాలో ఒక మార్పు చేసింది, లీక్ అప్పటినుంచే ఉంది, గురువారం సాయంత్రంలోగా కారణం చూపించకపోతే ఆ మార్పు తీసేస్తాను, నీ రాతలు ఇకమీదట నేను చూడకుండా లోపలికి పోనివ్వను అని రాశాడు. అదే మార్పు మిగతా పదకొండు ఊళ్ళలోనూ ఉంది, అక్కడ ఒక్కటీ పడలేదే అని ఆమె ఎదురు రాసింది. అయితే మీ ఇంట్లోనే ఏదో ఉంది అని జవాబిచ్చాడు గిడియన్.

ఆ మాట ఆమె గుండెల్లో ముల్లులా దిగింది. సోమవారం కూర్చుని, శనివారం పడిపోయేటప్పుడు మెషిన్ తన మెమరీ మొత్తం దింపుకున్న ఫైలు తెరిచి వెతికింది. తిరిగి ఇవ్వని గిన్నెలు ఐదు దొరికాయి. ఐదూ ఒకే జోడీవి. ఇటువైపు తెలుక్ ఇంటాన్ ఒకటో నంబరు, అంటే తమ ఇంటి నంబరే. అటువైపు సుంగై సిపుట్ ఏడో నంబరు. సంఘం లెక్కలో ఊరి పేరూ నంబరూ తప్ప మనుషుల పేర్లుండవు. పాత రికార్డు తిరగేస్తే మూడు నెలలుగా ఇదే వరస. శనాదివారాలు తప్ప రోజూ ఒక్క కాల్, తొమ్మిదింటికి మొదలు, రెండింటికి ఆఖరు.

రోజూ ఐదు గంటలు. అంతసేపు మాటలు దేనికుంటాయి, కొత్తగా ప్రేమలో పడ్డవాళ్ళకు కాకపోతే?

ఇంటి నంబరు ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉంది. మధ్యాహ్నం షిఫ్టు వారాల్లో జయకుమార్ పొద్దుటిపూట ఇంట్లోనే ఉంటాడు, అవి సరిపోయాయి. పొద్దుటి షిఫ్టు వారాలు సరిపోలేదు. సరిపోకపోతే ఏం, మిల్లు నుంచి చేసి ఉంటాడని ఆమే సర్దిచెప్పుకుంది. అనుమానం పట్టిన బుర్రకు సాక్ష్యం కొరత ఏముంటుంది చెప్పండి. పైగా తను అడిగిన మర్నాటి నుంచి రెండు రోజులు కాల్ లేకపోయేసరికి ఇంకేం కావాలి, దొరికిపోయాడనే అనుకుంది.

ఇంట్లో మిగతావాళ్ళ వాలకం కూడా ఆమెకు నచ్చడం లేదు. అత్త ఈ మూడు నెలలుగా పగలంతా నోరు విప్పడం మానేసింది. పూర్వం కింద నుంచి "పిల్లా, కూడు తిందూగాని రా" అని కేక పెట్టేది. ఇప్పుడు కంచం మీద మూత పెట్టి మెట్ల మీద ఉంచి, గరిటెతో రెయిలింగు మీద రెండు దెబ్బలు కొట్టి వెళ్ళిపోతోంది. తనమీద ఏదో కోపం పెట్టుకుంది కాబోలనుకుని మోహనప్రియా పలకరించడం తగ్గించింది.

మామ సంగతి ఇంకో రకం. రోజూ తొమ్మిది కాకముందే మణియం బండ్ల రిపేరు షాపుకు వెళ్ళి కూర్చునే మనిషి, రెండున్నర దాటితే గాని రాడు. మంగళవారం పన్నెండింటికే వచ్చేశాడు. లోపలికి రాకుండా పెరటి కుళాయి కింద బట్టలతోనే కూర్చుని తలమీద నీళ్ళు వదులుకున్నాడు. ఇదేం స్నానమని అత్త అడిగితే మీద ఇంజన్ ఆయిల్ పడిందన్నాడు. మోహనప్రియ ఆ చొక్కా ఆరేసేటప్పుడు చూసింది, ఎక్కడా మరక లేదు. అప్పటినుంచి చేప కూడా ముట్టడం లేదు, కడుపు బాగాలేదట. కొడుకు గుట్టు తండ్రికి తెలిసింది, ఇద్దరూ కూడబలుక్కున్నారని ఆమె లెక్క వేసుకుంది.

తొమ్మిది కొట్టింది. మోహనప్రియ స్క్రీను ముందు కూర్చుంది.

తొమ్మిదీ ఐదుకు మెమరీ అంకె కదిలింది. మెల్లగా పెరగడం మొదలైంది. తెలుక్ ఇంటాన్ ఒకటి, సుంగై సిపుట్ ఏడు. లైను కలిసింది.

పాత రికార్డులో కాల్ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఉండదు. నడుస్తున్న కాల్‌కు మాత్రం తెలుస్తుంది. ఆమె చూసింది. కాల్ మిల్లు నుంచి కాదు. ఈ ఇంటి వైఫై నుంచే.

జయకుమార్ పొద్దున్నే వెళ్ళిపోయాడు. మామ ఇందాకే వెళ్ళాడు. ఇంట్లో ఉన్నది తనూ, అత్తా.  చెవుల్లోంచి హెడ్‌ఫోను తీసింది. కింద నుంచి ఒక్క మాటైనా వినిపించడం లేదు. చెప్పులు విడిచి, అడుగు చప్పుడు కాకుండా మెట్లు దిగింది.

శాంతాదేవి వంటింట్లో పీట మీద కూర్చుని మునగాకు దూస్తోంది. ఎదురుగా బియ్యం డబ్బాకు ఆనించి ఫోను. అందులోంచి కొబ్బరి కోరుతున్న చప్పుడు వస్తోంది. ఈ వంటింట్లో కొబ్బరికాయ లేదు. మధ్యలో ఎక్కడో ఒక గిన్నె కదిలింది, కుళాయి తిప్పి కట్టేశారు, మళ్ళీ కోరుడు. మాట మాత్రం లేదు.

కోడల్ని చూడగానే శాంతాదేవి చేతిలో రెమ్మ కింద పెట్టేసింది. వేలు పెదాల మీద పెట్టుకుంది. తరవాత లేచి, కోడలి మణికట్టు పట్టుకుని, పెరట్లో బట్టలుతికే గట్టు దాకా లాక్కుపోయి అక్కడ నోరు విప్పింది.

"మీ మావకి సెప్పకు."

"ఎవులత్తా అది?"

"దేవుడమ్మ. నా తోటికోడలు."

మామకు ఒక తమ్ముడున్నాడని, వాళ్ళతో మాటల్లేవని మోహనప్రియ పెళ్ళయిన కొత్తలో ఎవరో అనగా విన్నది. ఏ ఊళ్ళో ఉన్నారో కూడా ఆమెకెవరూ చెప్పలేదు. ఇప్పుడు అత్త చెప్పింది. ఇద్దరు కోడళ్ళూ పందొమ్మిదేళ్ళు ఎస్టేటులో ఒక్క పొయ్యి మీద వండుకున్నారు, ఒకే వరసలో రబ్బరు చెట్లు గీసుకున్నారు. పదకొండేళ్ళ కింద సుంగై సిపుట్‌లో చిన్నకొడుకు దగ్గర ఉండగా వాళ్ళ మామ, అంటే అప్పడి తండ్రి, పోయాడు. వరదలకు దారి తెగి అప్పడు చేరేసరికి ఆలస్యమైంది. పెద్దకొడుకు బతికుండగా తమ్ముడు ఆగకుండా తలకొరివి పెట్టేశాడు. అప్పడు వెళ్ళేసరికి బూడిద మిగిలింది.

"ఆ వాకిట్లోనే నా సెయ్యి తన తలమీద ఏయించుకున్నాడు," అంది శాంతాదేవి. "ఆ ఇంటోళ్ళతో నోరిప్పితే తనని సంపేసినట్టేనని ఒట్టేయించినాడు. తమ్ముడేటి తక్కువ తిన్నాడా. ఆడూ పెళ్ళాం సేత తన తలమీద అదే ఒట్టు ఏయించినాడు."

"మరి ఈ ఫోను?"

"మాటాడలేదే. ఇన్నానంతే."

మూడు నెలల కింద ఒక శనివారం భజన అయిపోయింది. అందరూ లైను వదిలేశారు. ఇద్దరు మిగిలారు. ఒకరి వైపు నుంచి ఎవరిదో దగ్గు, ఇంకొకరి వైపు నుంచి గాజుల చప్పుడు. అవతల ఉన్నదెవరో ఇద్దరికీ తెలిసిపోయింది. ఇద్దరూ ఫోను పెట్టెయ్యలేదు. ఆ సోమవారం మొగుడు బయటికెళ్ళగానే శాంతాదేవి ఆ నంబరుకే కలిపింది. అప్పటినుంచి అటు కొబ్బరి కోరుతుంటే ఇటు కూర తరుగుతుంది. ఒక్కపలుకు పలికినా ఒట్టు తప్పినట్టేనని, ఆ ఐదు గంటలూ కోడల్ని కూడా నోటితో పిలవదు.

మోహనప్రియకు గరిటె దెబ్బలు గుర్తొచ్చాయి. వెంటనే తను చేసిన మార్పు గుర్తొచ్చింది. అప్పట్లో ముసలివాళ్ళు ఫోను ఎత్తగానే మొదటి మాట తెగిపోతోందని గోలపెట్టారు. అందుకని లైను కలిసిన దగ్గర్నుంచి వచ్చిన శబ్దమంతా గెమా తన దగ్గర దాచిపెట్టుకునేలా, మనిషి గొంతు వినబడగానే దాన్ని వదిలేసేలా రాసింది. అసలు గొంతే రాకపోతే ఏం చెయ్యాలో రాయలేదు. ఫోను ఎత్తిన మనిషి ఎప్పుడో ఒకప్పుడు నోరు తెరవదా అనుకుంది. పదకొండు ఊళ్ళలో తెరిచారు. ఈ ఇంట్లో ఇద్దరాడవాళ్ళు ఐదేసి గంటలు తెరవలేదు, గెమా ఆ మొదటి మాట కోసం గిన్నెలూ గరిటెల చప్పుడంతా పోగేసుకుంటూ కూర్చుంది.

గిడియన్ చెప్పిందే నిజం. తప్పు తనది, కారణం తన ఇంట్లో. నాలుగు వరసలు రాస్తే బాగైపోతుంది. కానీ లీక్ ఎలా పుట్టిందో అందరూ చదివేలా రాయాలి కదా, ఏమని రాస్తుంది? దానికంటే ముందు సాయంత్రం జయకుమార్‌కి ఏ మొహం పెట్టుకుని కాఫీ ఇస్తుంది? 

"అత్తా, నేను ఆయన్ని ఎంత మాటన్నానో తెలుసా?"

"నాకు తెలుసు. నోరిప్పలేక ఊరుకున్నాను. అదలాగుండనీ పిల్లా, ముందు ఇది ఇను." శాంతాదేవి కోడలి చెయ్యి ఇంకా వదల్లేదు. "ఆ సిన్నాయనకి, మా మరిదికి, దగ్గు. తొమ్మిదింటికి మొదలెడితే ఆగదు. సోమారం దాకా ఇన్నాను. మంగళారం, బుధారం ఎంత కలిపినా అది ఫోను ఎత్తలేదు. ఇవాళ ఎత్తినాది. దగ్గు లేదు."

"నిద్రపోతున్నాడేమో."

"మూడు నెల్లలో ఒక్క పొద్దూ ఆ దగ్గు లేకుండా లేదు. నానడగలేను. అది సెప్పలేదు. నువ్వు ఎవరి తలమీదా సెయ్యెయ్యలేదు కదేటి."

మోహనప్రియకు పొద్దున మొగుడన్న మాట గుర్తొచ్చింది. ఆ ఊరి పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దన్నాడు. తెలిస్తే మామ ఇల్లు పీకి పందిరేస్తాడు. ఇప్పటికే ఈ ఇంట్లో తను చేసిన నిర్వాకం చాలు. వద్దత్తా అనబోయింది. శాంతాదేవి కోడలి మొహంలోకి చూస్తూ నిలబడింది. ఆ చూపు మోహనప్రియ భరించలేకపోయింది.

లోపలికొచ్చి ఫోను చేతిలోకి తీసుకుంది. సరిగ్గా అప్పుడే వాకిట్లో మామ బండి ఆగిన చప్పుడు వినిపించింది. పది కూడా కాలేదు. అత్తాకోడళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. పెట్టెయ్యమన్నట్టు శాంతాదేవి చెయ్యి లేచి, మధ్యలోనే ఆగిపోయింది.

"చిన్నత్తా," అంది మోహనప్రియ ఫోనులోకి. "నేను జయ పెళ్ళాన్ని. చిన్నమామకి ఒంట్లో ఎలాగుంది?"

కొబ్బరి కోరుడు ఆగింది. మేడమీద స్క్రీనులో ఆ నిమిషాన ఈ కాల్ అంకె సున్నాకి పడిపోయి ఉంటుంది, చూసేవాళ్ళు లేరు.  ఆ తరవాత బొంగురుపోయిన ఆడగొంతు ఒకటి పలికింది.

"నిన్ను సూణ్ణే లేదు తల్లీ. అక్క పక్కనుందేటి?"

శాంతాదేవి పీట మీద కూలబడింది. మునగాకు పళ్ళెం బోర్లా పడింది.

"అది మాటాడినాదంటే," అంది మెల్లగా, ఫోనుకు వినబడకుండా, "ఆ ఒట్టేసిన తల లేనట్టే."

దేవుడమ్మ ఒక్కొక్క ముక్కే చెప్పుకొచ్చింది. మంగళవారం తెల్లారేసరికి పోయాడట. "మణియం షాపుకి ఫోను సేయించినాం. బావే ఎత్తినాడంట. ఈసారి ఆయన సెయ్యి పడకుండా ఎత్తకూడదని సాయంత్రం దాకా ఉంచినాం. రాలేదు. అక్కకీ తెలుసనుకున్నాను. ఇవాళ ఫోను మోగితే, మాటాడకపోయినా నా పక్కన కూసోడానికే సేసినాదనుకున్నాను."

వంటింటి గుమ్మంలో అప్పడు నిలబడి ఉన్నాడు. హెల్మెట్ ఇంకా తలమీదే ఉంది. ఎంతసేపటి నుంచి ఉన్నాడో ఏమో. అతని మొహంలో ఆశ్చర్యం లేదు.

శాంతాదేవి మొగుణ్ణి కిందినుంచి పైదాకా చూసింది.

"మంగళారం గుడ్డల్తో తలకి నీలోసుకున్నావు. సావు కబురిన్నోడి తానం అది. నాకు ఆయిలని సెప్పినావు."

 అప్పడు కోడలి చేతిలో ఫోను వైపు చూశాడు. "పెట్టెయ్యమ్మా," అన్నాడు. ఆ గొంతులో ఎప్పుడూ ఉండే అదిలింపు లేదు.

మోహనప్రియ పెట్టలేదు.

"అక్కా," అంది ఫోనులో దేవుడమ్మ. "ఉన్నావా?"

శాంతాదేవి లేచింది. తడి చేతులు నైటీకి తుడుచుకుంది. పదకొండేళ్ళ కింద ఏ తలమీద చెయ్యి వేసి ఒట్టు పెట్టిందో ఆ తలవైపే చూస్తూ, కోడలి ముందుకు చెయ్యి చాపింది.

"ఇలా ఇయ్యి," అంది.